మూడడుగుల దూరం

తీగ కొసను గరుకు కాగితం మడతలో పెట్టి, రెండు వేళ్ళతో నొక్కి లాగాడు. మళ్ళీ లాగాడు. నల్లబడ్డ రాగి మూడోసారికి ఎర్రగా మెరిసింది. తీగ తిప్పి రెండో కొస పట్టుకున్నాడు. ఇప్పటికి నలభై రెండు తీగలయ్యాయి, ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. కొస శుభ్రంగా లేకపోతే కరెంటు పారదు. కరెంటు పారకపోతే పిల్లలు తీగని అనుమానించరు, తమనే అనుమానించుకుంటారు. ఆ సంగతి అతనికి తెలిసినంతగా ఆ స్కూల్లో ఇంకెవరికీ తెలియదు.

అతను ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు. ముప్పై నాలుగేళ్ళుగా ఇదే గది. పన్నెండు బల్లలు, గోడ వెంట అయిదు చెక్క బీరువాలు, చివర బ్యాటరీల గది. బ్యాటరీల గదిలోంచి ఎప్పుడూ ఒక పుల్లటి వాసన వస్తుంది. అది అతని చొక్కాలకి కూడా పట్టింది, ఉతికినా పోదు. చదివింది అయిదో తరగతి. ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు ఏడాది పొడుగునా నేర్చుకునేదంతా అతనికి చేతుల్లో ఉంది, నోట్లో లేదు. ఏ కటకం ఎంత దూరంలో బొమ్మని కాగితం మీద నిలబెడుతుందో తెలుసు. గొట్టంలో నీళ్ళు ఎంతవరకు దించితే గట్టిగా మోగుతుందో తెలుసు. ఏ సెల్లు ముసలిదై రెండు నిమిషాల్లో డీలా పడుతుందో తెలుసు. ఎందుకన్నది తెలియదు. ఎవరినీ అడగనూ లేదు.

నడుముకి వెడల్పాటి తోలు బెల్టు. దానికో ఇనుప రింగు. రింగుకి పద్నాలుగు తాళంచెవులు. పొద్దున ఆఫీసులో సంతకం పెట్టి ఆ గుత్తి తీసుకోవాలి, సాయంత్రం సంతకం పెట్టి తిరిగివ్వాలి. నడుమ ఒక్క నిమిషం కూడా అది నడుము వదలకూడదు. ఎప్పుడో కటకాలు పోయిన ఏడాది అప్పటి హెడ్మాస్టరు పెట్టిన రూలు. హెడ్మాస్టరు పోయాడు, రూలు ఉంది. వరండాలో గుత్తి చప్పుడు వినబడితే చాలు, క్లాసులో కబుర్లు ఆగిపోయేవి.

"తాతా!"

కిటికీ ఊచల అవతల మనవరాలు. పరీక్ష రాసే పిల్లలు ఇవాళ ముందుగా గదిలోకి రాకూడదు.

"లోపలికి రాకు."

"రాలేదుగా, ఊచలు పట్టుకున్నానంతే. ఇదిగో నీ డబ్బా. చల్లారక ముందే తినమని చెప్పమంది అమ్మ. చెప్పినా నువ్వు తినవని కూడా చెప్పమంది."

అతను లేచి డబ్బా అందుకుని కిటికీలో పెట్టి, మళ్ళీ తీగ పట్టుకున్నాడు. ఎడమ భుజం పట్టేసినట్టుంది. నిన్న సాయంత్రం బ్యాటరీ ఎత్తినప్పటి నుంచీ అంతే.

"చీటీలు మడిచేశావా?"

"మడిచాను."

పన్నెండు బల్లలకి పన్నెండు చీటీలు. ఏ చీటీ తీస్తే ఆ ప్రయోగం చెయ్యాలి. రాసేది ఫిజిక్స్ మేడమ్, మడిచేది అతను.

పిల్ల గొంతు తగ్గించింది. "టీజీ చీటీలు మూడున్నాయిగా. వాటికి మూల కొంచెం వంచి పెట్టరాదూ? నేను వాటి జోలికి పోను. ఒట్టు, ఎవరికీ చెప్పను."

టీజీ అంటే టాంజెంట్ గాల్వనామీటరు. చెక్క పీట మీద నిలువుగా నిలబెట్టిన రాగితీగ చుట్ట, దాని మధ్యలో గాజు మూత ఉన్న దిక్సూచి డబ్బా. మొదట చుట్టని తిప్పి, డబ్బాలో ముల్లుని సున్నా మీద నిలబెట్టాలి. తర్వాత కరెంటు పంపి, ముల్లు ఎంత పక్కకి తిరిగిందో రాసుకోవాలి. మామూలుగా అయితే పది నిమిషాల పని.

"క్లాసులో చేశావుగా. భయమేంటి?"

"చేశా. క్లాసులో వస్తుంది, పరీక్షలో రాదు. అమ్మ చెయ్యే నాకూ వచ్చిందేమో తాతా."

గరుకు కాగితం ఆగిపోయింది.

"ఎవరన్నారు?"

"అమ్మే. నిన్న నా చెయ్యి పట్టుకుని చూసి, ఇదీ నా చెయ్యే, పరికరాలకి పడదు అంది. నవ్వుతూనే అందిలే."

అతను తీగని బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు.

"మీ అమ్మ చేతికి ఏమీ లేదు."

"మరెందుకు ఫెయిలైంది?"

"సాయంత్రం చెప్తా. ముందు మీ అమ్మకి చెప్పాలి."

"అమ్మకి తెలీకుండా ఎలా ఉంటుంది? ఫెయిలైంది తనేగా!"

"పో. హాల్ టికెట్ నలిగిపోతోంది చూడు."

"మూల?"

"వంచను."

పిల్ల మూతి ముడిచి వెళ్ళిపోయింది. అతను పద్దెనిమిది తీగలూ పూర్తిచేశాడు, కానీ లెక్క తప్పి ఒకదాన్ని రెండుసార్లు రుద్దాడు.

ఇరవై మూడేళ్ళ కిందట కూతురు ఇదే గదిలో పరీక్షకి నిలబడింది. ఎనిమిదో బల్ల, చీటీలో టీజీ. చురుకైన పిల్ల. ఈ పరీక్ష గట్టెక్కితే నర్సింగులో సీటు వస్తుందని టీచర్లందరూ అన్నారు. ఉన్న ఒక్క కూతురు తన గదిలో తన కళ్ళెదుట పరీక్ష రాస్తోందని ఆ రోజు అతని కాళ్ళు నేల మీద లేవు. తుడిచిన బల్లే తుడుస్తూ ఆమె పక్కనే తచ్చాడాడు. ఆమె ముల్లుని సున్నా మీద నిలబెట్టింది. రాసుకుందామని తల వంచేలోగా ముల్లు జరిగింది. మళ్ళీ నిలబెట్టింది, మళ్ళీ జరిగింది. ఆమె చేతులు వణకడం మొదలైంది. 'కంగారు పడకమ్మా' అని అతను ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. మంచినీళ్ళు తెచ్చి మోచేతి దగ్గర పెట్టాడు. ముల్లు ఎంత కదిలితే అతను అంత దగ్గరికి జరిగాడు.

మూడు గంటలు గడిచాయి. కాగితం మీద పట్టిక గీతలే ఉన్నాయి, అంకె ఒక్కటి లేదు. ఆ ఏడు పరీక్షకి వచ్చిన బయటి సారు, పిల్లకి పరికరం ముట్టుకోవడమే రాదని రాసి వెళ్ళాడు.

మరుసటి ఏడు మళ్ళీ రాయమంటే ఆమె రాలేదు. "నా చెయ్యి మంచిది కాదు నాన్నా" అంది. ఆ మాట అక్కడితో ఆగలేదు. పక్కింట్లో పసిపిల్లని ఎత్తుకోమంటే చేతులు వెనక్కి పెట్టుకునేది. ఎవరి గడియారమూ ముట్టుకునేది కాదు. తన సొంత బిడ్డకి మొదటిసారి నీళ్ళు పొయ్యడానికి కూడా పక్కింటావిడని పిలిచింది. ఇప్పుడు స్కూలుకెదురుగా జిరాక్స్ కొట్టు నడుపుతోంది. మెషిన్లో కాగితం ఇరుక్కుంటే ముందు మెషిన్ని చూడదు, తన చేతిని చూసుకుంటుంది.

అతనికి సంగతి తెలిసింది ఆ మరుసటి వేసవి సెలవుల్లో. ఖాళీ గదిలో ఒక్కడే టీజీలు తుడిచి బీరువాలో సర్దుతున్నాడు. ఎనిమిదో బల్ల మీదున్నదాని ముల్లు అతని వైపు తిరిగింది. పక్కకి జరిగాడు. అదీ జరిగింది. బల్ల చుట్టూ తిరిగాడు. పెంపుడు కుక్కలా అదీ అతనితోపాటు తిరిగింది. అతను బెల్టుకున్న గుత్తి విప్పి దగ్గర పెట్టాడు, దూరం తీశాడు, మళ్ళీ దగ్గర పెట్టాడు. పన్నెండేళ్ళుగా దండాయస్కాంతాలని పెట్టెల్లో సర్దింది ఆ గుత్తి పట్టుకున్న చేత్తోనే. వాటి గుణం తాళంచెవులకీ పట్టింది. ఇనుము ఉండకూడదని ఆ గదిలో బల్లలకి ఇత్తడి మేకులు కొట్టించారు, బీరువాలు, కిటికీ ఊచలు చెక్కవి చేయించారు. మిగిలిన ఇనుమంతా అతని నడుముకి వేలాడుతోంది.

ఆ రోజు నేల మీద కూర్చుండిపోయాడు. ఎంతసేపో గుర్తులేదు.

ఆ సాయంత్రమే చెప్పాలనుకున్నాడు. ఇంటికెళ్ళేసరికి పెళ్ళిచూపులవాళ్ళు వచ్చి ఉన్నారు. పెళ్ళయ్యాక చెప్పాలనుకున్నాడు. తర్వాత పురుడయ్యాక అనుకున్నాడు. భార్య బతికున్నన్నాళ్ళూ ఆమెతో కూడా అనలేదు. అలా ఇరవై రెండేళ్ళు గడిచిపోయాయి. చేసిందల్లా ఒక్కటే. పరీక్ష చేస్తున్న పిల్లలెవరికైనా మూడడుగుల దూరంలో ఆగిపోవడం. తీగ కావాలన్నా, నీళ్ళు కావాలన్నా బల్ల చివర పెట్టి వెనక్కి జరిగేవాడు. పిల్లలు 'మూడడుగుల తాత' అని పేరు పెట్టారు. "కొత్తల్లుడు కూడా అంత దూరంలో నుంచోడురా" అని నవ్వుకునేవారు. గర్వమని కొందరు టీచర్లు అనుకున్నారు. అనుకోనిచ్చాడు.

ఎనిమిదిన్నరకి బీరువాలన్నీ తెరిచాడు. బ్యాటరీల గది తలుపు తీసి, మూసుకుపోకుండా అడ్డంగా చెక్క పెట్టాడు. ఇంకోసారి అన్నీ చూసుకుని, గేటు దాటి రోడ్డు దాటి కూతురి కొట్టు ముందు నిలబడ్డాడు.

ఆమె కొట్టు తీసి అద్దం తుడుస్తోంది.

"ఏంటి నాన్నా, ఇప్పుడొచ్చావు? డబ్బాలో ఉప్పు తక్కువైందా? తినే ఉండవు."

అతను బెల్టు వదులు చేసి గుత్తి విప్పాడు. గాజు బల్ల మీద పెట్టాడు. పెట్టిన చోట గాజు ఠంగుమంది.

"ఇవి నీ దగ్గరుంచు."

ఆమె తండ్రి నడుమునీ తాళాలనీ మార్చి మార్చి చూసింది. "స్కూలు తాళాలు నా దగ్గరా? ఆఫీసులో తెలిస్తే ఊరుకుంటారా?"

"బీరువాలన్నీ తీసే ఉన్నాయి."

"అయినా ఎందుకూ? నేను ముట్టుకుంటే ఏమవుతుందో ఏమో."

"ఏమీ కాదు." అతను ఇంకేదో అనబోయి పెదాలు తడుపుకున్నాడు. "సాయంత్రం చెప్తా."

"అబ్బో, నువ్వే! సాయంత్రం చెప్తావా! ముహూర్తం పెట్టుకుని మాట్లాడే మనిషివయ్యావు." ఆమె నవ్వి అద్దం తుడుచుకోసాగింది. "ఎండలో నుంచోకు, పో. మొహం పాలిపోయింది."

తిరిగి వస్తుంటే నడుము తేలికై నడక తెలియనట్టయింది. రోడ్డు మధ్యలో చెయ్యి అలవాటుగా బెల్టు మీదికి వెళ్ళి, ఏమీ దొరక్క కిందికి జారింది.

తొమ్మిదికి పరీక్ష మొదలైంది. బయటి సారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని చీటీల పళ్ళెం పట్టుకున్నాడు. మనవరాలు ఏడోది. కళ్ళు మూసుకుని చీటీ తీసింది. విప్పి చూసి, గది చివరనున్న తాత వైపు చూసింది. ఆ చూపుతోనే అతనికి తెలిసిపోయింది.

ఏడో బల్ల.

ఆ పిల్ల పీట జరిపింది, చుట్ట తిప్పింది. ముల్లు ఊగుతోంది. అది ఆగడానికి కొంచెం టైము పడుతుంది, ఓపిక పట్టాలి. పిల్ల పట్టలేకపోయింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ ఊగింది. ఆ పిల్ల తన చేతుల వంక చూసుకుంది. సరిగ్గా వాళ్ళమ్మ చూసుకున్నట్టే.

అతను నడిచాడు. మూడడుగుల దూరంలో కాళ్ళు వాటంతటవే ఆగాయి. ఇంకో అడుగు వేశాడు. ఇంకోటి. ఇంకోటి. మనవరాలి మోచేతి పక్కన నిలబడ్డాడు. ఆమె జుట్టుకి రాసుకున్న నూనె వాసన వస్తోంది. వంగి గాజు మూతలోకి చూశాడు.

ముల్లు అటూ ఇటూ ఊగింది. ఊపు తగ్గింది. సున్నా మీద ఆగింది. అతను పక్కనే ఉన్నాడు, అయినా అది అక్కడే ఉంది.

పిల్ల ఊపిరి వదిలి కలం తీసుకుంది.

కరెంటు పంపితే ముల్లు నలభై అయిదుకి తిరిగింది. కరెంటు దిశ మారిస్తే రెండో వైపు నలభై నాలుగున్నర. రెండంకెలూ కాగితం మీద పడ్డాయి. పిల్ల చేతివేళ్ళు ఇంకా కొంచెం వణుకుతున్నాయి. ఆ వణుకు ముల్లుని ఏమీ చెయ్యలేదు.

ఫిజిక్స్ మేడమ్ అటుగా వచ్చింది. "ఏంటి బాబాయ్, ఇవాళ ఇంత దగ్గరికొచ్చావు?" అని, అతని నడుము చూసి ఆగింది. "తాళాలేవి?"

"బీరువాలన్నీ తీసే ఉన్నాయమ్మా."

"నేనడిగింది తాళాలు."

"వస్తాయి."

ముప్పై నాలుగేళ్ళలో అతని మీద ఒక్క ఫిర్యాదు లేదు. మేడమ్ ఇంకేమీ అడక్కుండా వెళ్ళింది.

పన్నెండింటికి మొదటి బ్యాచి అయిపోయింది. రెండో బ్యాచి రెండింటికి. మేడమ్, బయటి సారు భోజనానికి వెళ్ళారు. పిల్లలు గోలగోలగా మెట్లు దిగిపోయారు. అతను తీగలు చుట్టాడు. చిందిన నీళ్ళు తుడిచాడు. వెళ్ళి తాళాలు తెచ్చుకోవాలి అనుకున్నాడు. అన్నం డబ్బా కిటికీలో అలాగే ఉంది. ఎడమ చెయ్యి మొద్దుబారి, అందులోంచి ఏదో బరువు ఛాతీలోకి దిగుతున్నట్టుంది. కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది.

ఎనిమిదో బల్ల దగ్గర స్టూలు లాక్కున్నాడు. ఇన్నేళ్ళలో అక్కడెప్పుడూ కూర్చోలేదు. టీజీ ముందుకి జరుపుకుని, దాన్ని సున్నాకి సరిచేశాడు. వంగి, గాజుకి మొహం ఆనేంత దగ్గరగా చూశాడు. ఊపిరికి గాజు మీద ఆవిరి పట్టింది. దాని కింద ముల్లు కదల్లేదు.

సాయంత్రం ఎలా మొదలుపెట్టాలో లోపల అనుకుని చూసుకున్నాడు. 'అమ్మా, ఆ రోజు' అన్నంతవరకు వస్తోంది. ఆ తర్వాత రావడం లేదు. అంతవరకు నోట్లోంచి వస్తే మిగతాది అదే వస్తుందిలే అనుకున్నాడు. కుడి చెయ్యి మడిచి బల్ల మీద పెట్టుకుని దాని మీద తల వాల్చాడు. కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి గాజు మీది ఆవిరి ఆరిపోయింది. మళ్ళీ పట్టలేదు.

అదే వేళకి మనవరాలు కొట్లో బల్ల వెనక నిలబడి, చేతులు తిప్పుతూ తల్లికి చెబుతోంది.

"అదే వచ్చిందమ్మా! టీజీయే! చచ్చాననుకున్నా. ఒకవైపు నలభై అయిదు, ఇంకోవైపు నలభై నాలుగున్నర. బయటి సారు ఒక్క ప్రశ్నే అడిగాడు."

"నిజంగా? నా చెయ్యి రాలేదన్నమాట నీకు, బతికిపోయావు. తాత తిన్నాడా?"

"మేడమ్ వాళ్ళు వెళ్ళాక తింటాడేమో. అమ్మా, తాత ఇవాళ నా పక్కకొచ్చి నుంచున్నాడు తెలుసా! మూడడుగుల్లో కాదు. ఇదిగో, ఇక్కడ!" మోచెయ్యి చూపించింది.

"పరీక్షలోనా?" తల్లి నవ్వుతూనే అడిగింది.

రెండో బ్యాచి పిల్లలు ఆఖరి నిమిషపు జిరాక్సుల కోసం ఎగబడుతున్నారు. ఎవరి మోచెయ్యో తగిలి స్టేప్లర్ పిన్నుల డబ్బా బోర్లా పడింది. విడిపోయిన పిన్నులు గాజు మీద చెల్లాచెదురయ్యాయి. ఆమె విసుక్కుంటూ అరచేత్తో పిన్నులని తన వైపు ఊడ్చింది. కొన్ని చేతిలోకి వచ్చాయి. మిగతావి పొద్దుటి నుంచీ అక్కడే ఉన్న తాళాల గుత్తికి అతుక్కుని, నిటారుగా నిలబడ్డాయి.

"ఆంటీ, మీ తాళాలు అయస్కాంతమా?" ఒక కుర్రాడు నవ్వాడు.

ఆమె ఒక తాళంచెవి పట్టుకుని పైకెత్తింది. కొసకి ఒక పిన్ను వేలాడింది. దాని కిందికి ఇంకోటి పెట్టింది. అదీ వేలాడింది.

మెషిన్లోంచి కాగితాలు వస్తూనే ఉన్నాయి. టీజీ ప్రయోగం పేజీ. పదిహేనేళ్ళుగా వేల కాపీలు తీసిన పేజీ. కింద జాగ్రత్తలు అని రాసి ఉంటుంది. అందులో రెండోది: ఇనుప వస్తువులను, అయస్కాంతాలను పరికరానికి దూరముగా ఉంచవలెను.

ఆమె ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. చదవలేదు, దాన్ని చదవాల్సిన పని ఆమెకి ఎన్నడో తీరిపోయింది. మోచేతి దగ్గర పెట్టిన మంచినీళ్ళ గ్లాసు గుర్తొచ్చింది. తన పక్కన తాళాల చప్పుడు, 'కంగారు పడకమ్మా' అన్న గొంతు, ఇంకా దగ్గరికి వచ్చిన చప్పుడు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఎవరి పక్కకీ వెళ్ళకుండా దూరంగా నిలబడిన తండ్రి.

కుడి చేతిని గాజు బల్ల మీద పరిచి, అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంది. మామూలు చెయ్యే. వేలికి ఇంకు మరక.

"ఏంటమ్మా?" అంది కూతురు.

"ఏం లేదు. సాయంత్రం తాత ఏదో చెప్తానన్నాడు." ఆమె ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది. నవ్వు కూడా వస్తోంది. "చెప్పనీ. తెలీనట్టే వింటా. అంతా విన్నాక అడుగుతా, ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టిందా నాన్నా అని."

ఫిజిక్స్ మేడమ్ రోడ్డు దాటి వస్తోంది. ఎండలో గొడుగు లేకుండా, అటూ ఇటూ చూడకుండా వస్తోంది. ఒక ఆటో హారన్ కొడుతూ ఆమెని తప్పించుకుని పోయింది. వెనక స్కూలు గేటు దగ్గర పిల్లలు గుంపుగా ఆగిపోయారు.

మేడమ్ వచ్చి గాజు బల్ల అంచు పట్టుకుంది.

తాళాల కోసం వచ్చిందనుకుంది తల్లి. "ఇవిగో మేడమ్, నాన్నే ఇచ్చాడు, ఇక్కడే భద్రంగా ఉన్నాయి" అని గుత్తి ఎత్తి చాచింది.

మేడమ్ అందుకోలేదు. ఆ చేతినే రెండు చేతులతో పట్టుకుంది. గుత్తి గాజు మీదికి జారింది.

"ఒకసారి రా అమ్మా" అంది. "నిద్రపోతున్నాడనుకుని లేపాను."

తల్లి వెనక కూతురు, కూతురి వెనక మేడమ్. ముగ్గురూ రోడ్డు దాటి వెళ్ళారు. కొట్టు మూసేవాళ్ళు లేరు. కాగితాలు అయిపోయి మెషిన్ ఎర్ర లైటు వెలిగించుకుని ఆగింది. గాజు బల్ల మీద పద్నాలుగు తాళంచెవుల గుత్తి పక్కకి ఒరిగి పడి ఉంది, ఒంటినిండా పిన్నులతో, ఒక్కటీ రాలకుండా.